కిట్టు బీరువాలోనే ఉండనివ్వండి, ముందు ముగ్గు వేయించండి

ప్రశ్న: మాది ఆనందపురం మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఈ ఏడాది ఎనిమిదో తరగతికి వారానికి రెండు పీరియడ్లు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, లెక్కలు కలిపి), కోడింగ్ చెప్పమని హెచ్‌ఎం గారు నాకు అప్పజెప్పారు. పిల్లలు 46 మంది. ల్యాబ్‌లో పనిచేసే కంప్యూటర్లు ఆరు. ఐదు ఆర్డుయినో బోర్డులు (కోడ్ రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డులు), కొన్ని సెన్సర్లు ఉన్న కిట్టు ఒకటుంది. వీడియో చూసి అందులో చెప్పినట్టే వైర్లు పెట్టి ఒక లైటు వెలిగించాం. పిల్లలు చప్పట్లు కొట్టారు. మర్నాడు ‘ఎందుకు వెలిగింది?’ అని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. నిజానికి నాకూ కోడింగ్ రాదు. తల్లిదండ్రులేమో దీనివల్ల టెన్త్‌లో మార్కులు పెరుగుతాయా అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
ఒక టీచరు, విశాఖపట్నం జిల్లా

టీచరు గారూ,

మర్నాడు మీరు ఆ ప్రశ్న అడిగారు చూశారా, అక్కడే నాకు మీ మీద నమ్మకం కుదిరింది. లైటు వెలగడం, ఫొటో తీయడం, గ్రూపులో పెట్టడం అయిపోయాక మళ్లీ ఆ సంగతి ఎత్తేవాళ్లు తక్కువ. నేనూ చాలాకాలం ఎత్తలేదు.

పిల్లలు ఎందుకు చెప్పలేకపోయారంటే, లైటు వెలుగుతుందని వాళ్లకు వీడియోలో ముందే తెలిసిపోయింది. తాము అనుకున్నది ఒకటి, జరిగింది ఇంకొకటి అయితే కదా ‘ఎందుకూ’ అనే మాట పుట్టేది! కాబట్టి నేను చెప్పేదంతా ఒక్క అలవాటు చుట్టూనే తిరుగుతుంది. ఏ స్విచ్ వేసేముందైనా, ఏ బటన్ నొక్కేముందైనా, ఏం జరుగుతుందో ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ నోట్సులో రాయాలి. పెన్నుతో రాయాలి. చెరపకూడదు. ఆ తర్వాతే స్విచ్.

ఇది నా సొంత కనిపెట్టుడు కాదు. ఇంగ్లండులో స్యూ సెంటాన్స్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్లు కోడింగ్ చెప్పడానికి ఐదు మెట్ల పద్ధతి ఒకటి పెట్టారు. ముందు ఏం జరుగుతుందో ఊహించాలి, నడిపి చూడాలి, ఎందుకలా జరిగిందో తవ్వాలి, కొంచెం మార్చాలి, చివరికి సొంతంగా తయారుచేయాలి. మనం సాధారణంగా రెండో మెట్టు మీద మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. మొదటి మెట్టుకి కావలసింది నోట్సు, పెన్ను. కంప్యూటర్లు ఆరే ఉన్నాయన్న బెంగ అక్కడ అక్కర్లేదు.

మొదటి రెండు వారాలు కిట్టు బీరువాలోనే ఉండనివ్వండి. వరండాలో ముగ్గు వేయించండి.

నేను సరదాకి అనడం లేదు. ‘7 చుక్కలు, 4 వచ్చేవరకు సందు చుక్క’ అని ముగ్గుల పుస్తకాల్లో ఒక్క వాక్యం ఉంటుంది. మీ తరగతిలో సగం మంది అమ్మాయిలకు దాన్ని చూడగానే చెయ్యి కదులుతుంది. ఆ ఒక్క వాక్యమే ఒక ప్రోగ్రాం. మధ్య వరుసలో ఏడు చుక్కలు, తర్వాతి వరుసలో ఒకటి తక్కువ, నాలుగు వచ్చేదాకా అదే పని మళ్లీ మళ్లీ. కోడింగ్‌లో లూప్ అనేది దీన్నే. ముందు అడగండి: మొత్తం ఎన్ని చుక్కలొస్తాయి? అందరూ రాశాక సుద్దతో పెట్టించండి. 37 రావాలి. కొందరు 22 రాస్తారు. వాళ్ల లెక్కలో తప్పేం లేదు, ఏడు, ఆరు, ఐదు, నాలుగు కలిపారు. ‘రెండు వైపులా’ అనే మాట ఆ వాక్యంలో ఎక్కడా లేదు కదా! ముగ్గు వేసే మనిషి ఆ ఖాళీని తనే పూరించుకుంటుంది. యంత్రం పూరించుకోదు. మనిషికి చెప్పడానికీ యంత్రానికి చెప్పడానికీ ఉన్న తేడాని నేను ఇంతకన్నా తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

తర్వాత చుక్కల చుట్టూ బయటి గీత నడిపించండి. ఒకరు నడిచేవాళ్లు, ఒకరు ఆజ్ఞలిచ్చేవాళ్లు. ‘మూడు చుక్కలు ముందుకెళ్లు, కుడికి తిరుగు’ అంటారు. ఎంత తిరగాలి? ఆ గీత ఆరు పక్కల ఆకారం. కోణాల పాఠం గుర్తున్నవాళ్లు ‘120 డిగ్రీలు’ అంటారు, ఎందుకంటే లోపలి కోణం అంత ఉంటుంది. నడిచే పిల్లాడు 120 తిరిగాడంటే చుక్కల మధ్యలోకి దూసుకుపోతాడు. తరగతంతా నవ్వుతారు. నవ్వనివ్వండి. తిరగాల్సింది 60. అలా ఆరుసార్లు తిరిగితే 360, బయల్దేరిన చోటికే, బయల్దేరిన వైపే వచ్చి నిలబడతాడు. మూడు పక్కలూ సమానమైన త్రిభుజం నడిపిస్తే ఈ తప్పు తిరగబడుతుంది. లోపలి కోణం 60 కాబట్టి 60 అంటారు, తిరగాల్సింది 120.

ఈ నడక వెనక పాత కథ ఒకటుంది. 1967లో అమెరికాలో సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫోర్జిగ్ వంటివాళ్లు పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేశారు. తర్వాత దానికి తాబేలు వచ్చి చేరింది. మొదట్లో అది నేల మీద పాకుతూ పెన్నుతో గీతలు గీసే చిన్న యంత్రం, ఆ తర్వాతే తెర మీద బొమ్మ అయింది. గీత తప్పుగా వస్తే పాపర్ట్ పిల్లలకు చెప్పే ఉపాయం, నువ్వే తాబేలువై నడిచి చూడు అని. మన పిల్లలకు తాబేలంటే చలికాలం చివర్లో మన తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీలే గుర్తొస్తాయి. నేను ఈ కథ చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు ‘అదీ గుడ్లు పెడుతుందా సార్’ అని అడుగుతూనే ఉంటారు.

వరండాలో నడిచిన దాన్నే మూడో వారంలో ల్యాబ్‌లో స్క్రాచ్‌లో చేయించండి. 2007లో అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం వాళ్లు విడుదల చేసిన, పిల్లలు కోడింగ్ నేర్చుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. అందులో పెన్ను అనే విభాగం ఉంటుంది, దాంతో తెర మీద గీతలు గీయొచ్చు. ఆరు కంప్యూటర్ల దగ్గర నలుగురేసి కూర్చుంటే 24 మంది, అంటే సగం తరగతి. మిగతా సగం వరండాలో సుద్దతో. తర్వాతి పీరియడ్‌కి తారుమారు. కీబోర్డు ఒకరి చేతిలో ఉంటుంది, ఏం కొట్టాలో పక్కవాళ్లు చెప్పాలి, పది నిమిషాలకొకసారి కుర్చీ మారాలి. ఈ మార్పిడి మీరు దగ్గరుండి చేయించాలి. వదిలేస్తే ఏమవుతుందో నేను చాలా స్కూళ్లలో చూశాను. మగపిల్లలు వైర్లు, కీబోర్డు పట్టుకుంటారు, అందమైన చేతిరాత ఉందని ఆడపిల్లల చేతికి రికార్డు పుస్తకం వస్తుంది.

ఇక కిట్టు. దాన్ని ఎప్పుడు బయటికి తియ్యాలంటే, అది లేకపోతే పని జరగదని పిల్లలే అన్న రోజున. ఆ రోజు ఎలా వస్తుందో నాకు జరిగిన ఒక సంగతి చెబుతాను.

గాజువాక వైపు ఒక హైస్కూల్లో కొన్నాళ్లు వారానికోసారి వెళ్లి క్లాసు తీసుకునేవాణ్ణి. అక్కడ మోటరు వేసి మర్చిపోవడం రోజూ జరిగే తంతు. మేడ మీద ట్యాంకు నిండి, నీళ్లు గోడ మీదుగా కారి, సైకిళ్ల స్టాండు బురదయ్యేది. నేను బ్యాగులో ఖరీదైన సెన్సరొకటి పెట్టుకుని వెళ్లాను. అదృష్టం కొద్దీ ఆ రోజు దాన్ని బయటికి తియ్యలేదు. ‘నీళ్లు ఎన్ని పోతున్నాయంటారు?’ అని మాత్రం అడిగాను. ఒకడు పది లీటర్లన్నాడు, ఒకామె వెయ్యి అంది. తేల్చడం ఎలా? పొంగి వచ్చే గొట్టం కింద 20 లీటర్ల వాటర్ క్యాను పట్టి ఫోనులో సమయం చూశారు. 25 సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 48 లీటర్లు. పది నిమిషాలు మర్చిపోతే 480 లీటర్లు, ఇరవై నాలుగు క్యాన్లు. తాగే నీళ్ల క్యాను కొనుక్కునే ఇళ్ల పిల్లలు వాళ్లు. ‘ఇరవై నాలుగు క్యాన్లా!’ అన్నారు. అప్పటినుంచి ఆ సమస్య నాది కాదు, వాళ్లదైపోయింది.

‘ట్యాంకు నిండగానే కింద బజర్ మోగాలి’ అని వాళ్లే తేల్చారు. నీళ్లలో కరెంటు వెళ్తుంది కాబట్టి బ్యాటరీ, బజర్, రెండు మేకులు, మధ్యలో నీళ్లు ఉంటే చాలన్నారు. అంచనా రాశారు. అందరూ ‘మోగుతుంది’ అనే రాశారు. బకెట్లో మేకులు ముంచితే బజర్ చప్పుడు చెయ్యలేదు. నేను నోరు మెదపలేదు. చాలా కష్టం అండీ, ఆ ఐదు నిమిషాలు నోరు మూసుకోవడం! ఒక అమ్మాయి మధ్యాహ్న భోజనం గదిలోకి పరుగెత్తి గుప్పెడు ఉప్పు తెచ్చి వేసింది. సన్నగా మోగింది. దాంతో సంగతి తెలిసింది, మామూలు నీళ్లలో కరెంటు పోతుంది కానీ బజర్‌ని మోగించేంత పోదు. ట్యాంకులో ఉప్పు వెయ్యలేం కదా!

ఇక్కడ నేను మాట్లాడాను. సన్నగా వచ్చే కరెంటుతో పెద్ద కరెంటుకి తలుపు తీసే వస్తువు ఒకటుందని, దాని పేరు ట్రాన్సిస్టర్ అని చెప్పి చేతిలో పెట్టాను. బీసీ547 అని అడిగితే టీవీ, రేడియో స్పేర్ పార్టులు అమ్మే షాపుల్లో రెండు మూడు రూపాయలకి ఇస్తారు. చదునుగా ఉన్న వైపు మీకెదురుగా పెట్టుకుంటే దాని మూడు కాళ్లు ఎడమ నుంచి వరసగా కలెక్టర్, బేస్, ఎమిటర్. బ్యాటరీ ప్లస్ నుంచి బజర్ మీదుగా కలెక్టర్‌కి ఒక దారి. అదే ప్లస్ నుంచి వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా మొదటి మేకుకి, నీళ్లు దాటి రెండో మేకు నుంచి బేస్‌కి ఇంకో దారి. ఎమిటర్‌ని మైనస్‌కి కలపాలి. 9 ఓల్టుల బ్యాటరీ చాలు. ఇది మాత్రం పిల్లలే కనిపెట్టాలని నేను పట్టుబట్టలేదు, మీరూ పట్టుబట్టకండి.

ఈ మాట కాస్త ఆగి చెప్పాలి. సమస్య ఇచ్చేసి పిల్లల్ని వాళ్ల మానాన వదిలెయ్యడమే మంచి పద్ధతి అనుకునేవాళ్లున్నారు. 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు దీన్ని గట్టిగా తప్పుపడుతూ రాశారు. విషయం కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకి దారి చూపించకపోతే వాళ్ల బుర్ర వెతుకులాటతోనే అలిసిపోతుంది, నేర్చుకోవడానికి చోటు మిగలదు అని వాళ్ల వాదన. వాళ్లు చెప్పినదంతా నేను ఒప్పుకోను గానీ ఇందులో నిజముంది. ఉప్పు వరకు పిల్లలు వెళ్లగలరు. ట్రాన్సిస్టర్ దాకా ఎంత సేపు కూర్చున్నా వెళ్లలేరు. ఎక్కడ నోరు మూసుకోవాలో, ఎక్కడ చెప్పెయ్యాలో చూసుకోవడమే మీ పని. కొన్నాళ్లు తప్పులు చేస్తారు, తర్వాత చేతికి తెలుస్తుంది.

బజర్ గణగణ మోగింది. స్కూలంతా వచ్చి చూసింది. నా దృష్టిలో అక్కడితో కథ ముగిసింది. వారం తర్వాత వెళ్లేసరికి బజర్ మూగబోయింది. ప్లస్ వైపున్న మేకు తుప్పు తినేసి సన్నబడిపోయింది, మైనస్ వైపుది మాత్రం బాగానే ఉంది. రెండూ ఒకే షాపులో ఒకేసారి కొన్నవే, ఒకటే ఎందుకు పోయింది? కరెంటు వల్ల కలిగే రసాయన ఫలితాలు అని పుస్తకంలో చదివే పాఠం ఆ మేకు మీద కనబడింది. గ్లాసులో నీళ్లు పోసి మళ్లీ చూస్తే మైనస్ మేకు మీద సన్నని బుడగలు కూడా కనిపించాయి.

మరి ఏం చెయ్యాలి? కొందరు స్టీలు మేకులన్నారు, కొందరు పెన్సిల్ ములుకులన్నారు. అవీ చేసి చూశారు. వెనక బెంచీలో కూర్చునే ఒకడు మెల్లగా అన్నాడు: ‘ట్యాంకు నిమిషంలో నిండిపోదు కదా సార్. కరెంటు ఎప్పుడూ ఎందుకివ్వాలి? నిమిషానికోసారి ఇచ్చి చూసుకుని ఆపేస్తే?’

ఆ రోజు బీరువా తీశాను. నిమిషానికోసారి లేచి చూసి మళ్లీ పడుకునే వస్తువు కావాలి, అదే ఆ బోర్డు. తోట మట్టిలో తడి చూసే పరికరాల్లోనూ లోహం పాడవకుండా ఇదే కిటుకు వాడతారని తర్వాత పిల్లలకు చెబితే వాడి భుజాలు రెండంగుళాలు పెరిగాయి.

కోడ్ రాసేముందు తెలుగులో రాయించండి. వాళ్లు రాసింది ఇలా ఉంది: మేకుకి కరెంటు ఇవ్వు. ఎంత వచ్చిందో చూడు. నీళ్లు తగిలితే బజర్ మోగించు. మేకుకి కరెంటు ఆపు. ఒక నిమిషం ఆగు. మళ్లీ మొదటికి వెళ్లు. దీన్ని లైను లైనుగా మారిస్తే చాలు. ఇక్కడ మన పిల్లలు ఒకచోట తడబడతారు. తెలుగులో ‘తగిలితే’ అంటాం, షరతు క్రియ తోకకి అంటుకుని ఉంటుంది. కోడ్‌లో ‘ఇఫ్’ వాక్యానికి ముందే వచ్చి నిలబడుతుంది. అది తెలివి తక్కువై కాదు, భాషల అమరిక వేరు. ‘ఇఫ్’ కనబడగానే చివరికెళ్లి ‘తే’ తగిలించి చదవమనండి, రెండు రోజుల్లో సర్దుకుంటారు. అన్నీ కలిపి పది పన్నెండు ఇంగ్లిషు మాటలకు మించి ఈ పనికి అవసరం పడవు.

వైర్లు సులువే. బోర్డు మీది ఏడో నంబరు పిన్ను నుంచి ఒక మేకుకి, రెండో మేకు నుంచి ఏ0 పిన్నుకి, అదే ఏ0 నుంచి 10 వేల ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా గ్రౌండు (మైనస్) పిన్నుకి. బోర్డు 0 నుంచి 1023 వరకు ఒక అంకె చూపిస్తుంది. మేకులు పొడిగా ఉంటే సున్నాకి దగ్గర్లో, తడిస్తే వందల్లో. ఏ అంకె దాటితే నిండినట్టు అనేది మీరు చెప్పకండి. మీ బోరు నీళ్లకొకటి, వాన నీళ్లకొకటి వస్తుంది. పిల్లలే కొలిచి తేల్చుకోవాలి.

ఇప్పుడు నా పరువు పోయిన సంగతి. ఒక నిమిషం ఆగమని చెప్పడానికి బోర్డుకి మిల్లీసెకన్లలో చెప్పాలి, 60000. ఒక పిల్ల 60 అని కొట్టింది, బజర్ ఆగకుండా మోగింది. ప్రమాణాలు మర్చిపోతే ఏమవుతుందో నేను ఉపన్యాసం దంచాను. తర్వాత అందరికీ అర్థం కావాలని నేనే 60 ఇంటూ 1000 అని రాశాను. బోర్డు ఒకసారి చూసి, చచ్చినట్టు పడుకుంది. వైరు మార్చాను, కేబుల్ మార్చాను, కిట్టు తయారుచేసినవాణ్ణి నాలుగు తిట్లు తిట్టాను. పీరియడ్ అయిపోయింది. ఇంటికెళ్లాక తెలిసింది. ఆర్డుయినో ఊనో (మేము వాడిన బోర్డు రకం) మామూలు పూర్ణ సంఖ్యల్ని 32,767 దాకే పట్టుకోగలదు. గుణకారం ఆ హద్దు దాటేసరికి లెక్క తిరగబడి మైనస్ 5,536 అయింది, ఆగడానికి మైనస్ ఉండదు కాబట్టి దాన్ని బ్రహ్మాండమైన అంకెగా తీసుకుంది. నా బోర్డు చెడిపోలేదు, 49 రోజులు ఆగమని చెప్పానని అది బుద్ధిగా ఆగుతోంది! నేరుగా 60000 అని రాస్తే ఏ గొడవా లేదు. మరుసటి వారం పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్లు నా ఉపన్యాసం మర్చిపోయారు గానీ 49 రోజుల సంగతి ఇప్పటికీ ఎక్కడ కనబడినా గుర్తుచేస్తారు.

మీకు కోడింగ్ రాదన్న బెంగకి ఇదే నా జవాబు. పిల్లలకన్నా ఒక వారం ముందుంటే సరిపోతుంది. ఇరుక్కున్నప్పుడు ‘నాకూ తెలియట్లేదు, ఒక్కొక్కటి తీసి చూద్దాం’ అనండి. బోర్డు సంగతా, వైరు సంగతా, రాసిన లైను సంగతా అని సగం సగం చేసుకుంటూ వెతకడం వాళ్లు మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు. 1947లో హార్వర్డ్‌లో మార్క్ టూ అనే కంప్యూటర్ ఆగిపోతే లోపల రిలేలో (కరెంటుతో పనిచేసే స్విచ్‌లో) ఒక పురుగు చిక్కుకుని దొరికింది. దాన్ని తీసి లాగ్ పుస్తకంలో టేపుతో అతికించి పెట్టారు. యంత్రంలో తప్పుని ‘బగ్’ అనడం అంతకుముందునుంచే ఉంది, కానీ ఆ పేజీ ఫొటో చూపిస్తే పిల్లలు తప్పుల్ని దాచడం మానేస్తారు. మీరూ ఒక తప్పుల పుస్తకం పెట్టండి. మూడే గళ్లు చాలు: ఏమనుకున్నాం, ఏమైంది, ఏం మార్చాం. ఎవరైనా తనిఖీకి వస్తే రంగుల చార్టుల బదులు అదే చూపించండి.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను. మోటరు స్విచ్ జోలికి, 230 ఓల్టుల లైను జోలికి పిల్లలెవరూ వెళ్లకూడదు. ‘మోటరు దానంతటదే ఆగిపోయేలా చేద్దాం’ అని తప్పకుండా అడుగుతారు. వద్దు. బజర్ మోగితే మనిషి వెళ్లి ఆపాలి, అంతే. ట్యాంకు దగ్గరికి ఎక్కేది కూడా పెద్దవాళ్లే. ఇంకొకటి, ‘మా ఇంట్లో ట్యాంకులో నీళ్లు నిండగానే మోటరు ఆపేసే బంతి స్విచ్ ఉంది, ఈ తంటా అంతా ఎందుకు’ అనే తెలివైనవాడు ఒకడుంటాడు. వాడన్నది నిజమే. ఆ స్విచ్ ధరెంత, మన దానికి ఎంతయింది, ఏది ఎక్కువ కాలం మన్నుతుంది అని వాడి చేతే పట్టిక వేయించండి. చివరికి స్కూలు వాళ్లు బంతి స్విచ్చే కొన్నా ఏమీ నష్టం లేదు.

మీ ఊరికి మాత్రం ట్యాంకు కన్నా మంచి సమస్య ఇంకొకటుంది, దాన్ని వదులుకోవద్దు. ఆనందపురం అంటేనే పూల మార్కెట్. తెల్లవారుజామున పూలు కోసి, ఆ తర్వాత స్కూలుకి వచ్చే పిల్లలు మీ తరగతిలోనే ఉండొచ్చు, కనుక్కోండి. మల్లెలు మధ్యాహ్నానికి వాడిపోతే ధర పోతుంది. వాటిని ఎందులో పెడితే ఎక్కువసేపు నిలుస్తాయి? తడి గోనెలోనా, పాలిథిన్ సంచిలోనా, అరిటాకులోనా? వంద గ్రాములేసి తూచి పెట్టండి. నాలుగోది ఏమీ కప్పకుండా బుట్టలో వదిలెయ్యండి, పోల్చుకోవడానికి అది ఉండాలి. గంటకోసారి తూకం, ఒక థర్మామీటరు, వంటింటి డిజిటల్ త్రాసు. బరువు తగ్గిందంటే నీరు ఆవిరైపోయిందన్నమాట. తడి గోనె చల్లగా ఎందుకుంటుందో కుండలో నీళ్లు తాగినవాళ్లెవరైనా చెబుతారు. కానీ మన సముద్రపు గాలి ముద్దగా ఉన్న రోజున ఆ చల్లదనం తగ్గుతుంది, అది వేరే రోజు చేసి చూస్తేనే తెలుస్తుంది. పాలిథిన్‌లో బరువు అంతగా తగ్గదు, కానీ లోపల చెమ్మ పట్టి రేకులు గోధుమ రంగుకి తిరుగుతాయి. మరి బాగున్నవి ఏవి అని బరువును బట్టి చెప్పాలా, రంగును బట్టి చెప్పాలా? దీని మీద తరగతి రెండుగా చీలి వాదించుకోవాలి. మార్కెట్లో కొనేవాళ్లు దేన్ని చూస్తారో ఇంట్లో అడిగి రమ్మనండి.

ఇందులో కోడింగ్ ఎక్కడ అంటారేమో. లేదు. బలవంతంగా దూర్చకండి. గంటకోసారి త్రాసు చూడ్డానికి మనిషి చాలు. కోడింగ్ పీరియడ్ అని పేరు పెట్టారు కదా అని ప్రతిదానికీ బోర్డు తగిలిస్తే అది మళ్లీ చప్పట్ల కార్యక్రమమే అవుతుంది.

టూరుకి తీసుకెళ్తే కూడా ఒక ప్రశ్న చేతిలో పెట్టి తీసుకెళ్లండి. బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ 2002 నుంచి మ్యూజియంగా ఉంది, పిల్లలు సెల్ఫీలు దిగి వచ్చేస్తారు. వెళ్లే ముందురోజు నిండా నీళ్లున్న ప్లాస్టిక్ సీసాలో, మట్టి ముద్ద అంటించిన పెన్ను మూత తలకిందులుగా వేసి బిరడా బిగించండి. సీసా నొక్కితే మూత మునుగుతుంది, వదిలితే తేలుతుంది. నొక్కినప్పుడు మూత లోపలి గాలికి ఏమవుతోంది? ఆ ప్రశ్నతో సబ్‌మెరైన్ లోపలికి వెళ్తే గొట్టాలు, ట్యాంకులు వేరేగా కనబడతాయి.

తల్లిదండ్రుల సంగతికొస్తే, అబద్ధం చెప్పకండి. కోడింగ్‌కని టెన్త్‌లో విడిగా మార్కులు వెయ్యరు. బాహ్యకోణాలు, నిమిషానికి ఎన్ని లీటర్లు అనే లెక్కలు, విద్యుత్ రసాయన ఫలితాలు, బాష్పీభవనం మాత్రం అన్నీ సిలబస్‌లోనివే. 2020 జాతీయ విద్యా విధానం కూడా మిడిల్ స్టేజిలో కోడింగ్ నేర్పించాలని చెప్పింది. ఈ మాటలకన్నా పూల తూకం రోజున ఇద్దరు ముగ్గురు తండ్రుల్ని పిలిచి కూర్చోబెట్టండి. ఏ బుట్ట గెలుస్తుందో వాళ్ల చేత కూడా ముందే రాయించండి.

వారానికి రెండు పీరియడ్లలో ఇదంతా ఒక ఏడాదిలో అవ్వదు. ముగ్గు, ట్యాంకు, పూలు, ఈ మూడూ అయితే చాలా ఎక్కువ. రెండే అయినా బెంగపడకండి. రెండు పీరియడ్లనీ విడివిడిగా కాకుండా ఒకే రోజు పక్కపక్కన వేయమని హెచ్‌ఎం గారిని అడగండి. నలభై ఐదు నిమిషాల్లో వైర్లు పెట్టి, తప్పు వెతికి, సర్ది పెట్టడం కుదరదు. దగ్గర్లో ఏ స్కూల్లోనైనా అటల్ టింకరింగ్ ల్యాబ్ (కేంద్ర ప్రభుత్వ పథకం కింద పెట్టిన ప్రయోగశాల) ఉంటే మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్ ఒక పూట అడిగి తెచ్చుకోండి.

ట్రాన్సిస్టర్లు పది కొనండి, కాళ్లు తిరగేసి పెట్టి నాలుగైదు కాల్చేస్తారు. మేకులు రెండు డజన్లు. తుప్పు తిన్న మొదటి మేకుని పారెయ్యకండి, టేపు వేసి తప్పుల పుస్తకం మొదటి పేజీలో అతికించండి.